ఇన్‌పుట్‌బాక్స్ గారికి పీణ్య నుంచి ఒక మనవి

మహారాజశ్రీ ఇన్‌పుట్‌బాక్స్ గారి సముఖానికి,

బెంగళూరు పీణ్య ఇండస్ట్రియల్ ఏరియా నుంచి డిస్పాచ్ సెక్షన్ వాళ్ళు రాసుకున్న ఉత్తరం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం గురించి అడగనక్కర్లేదు. ఎక్సెల్‌లో మమ్మల్ని ప్రశ్న అడిగి జవాబు తీసుకునే చిన్న డబ్బా తమరు. 1993లో ఎక్సెల్ 5తో పాటు వీబీఏ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చిన నాటి నుంచీ తమరు ఇంతే: ఒక ప్రశ్న, ఒక గడి, పక్కన ఓకే, కాన్సిల్. ఈలోపు మా కంప్యూటర్లు మారాయి, మేనేజర్లు మారారు, పీణ్యకి మెట్రో కూడా వచ్చింది. తమరికి మాత్రం రెండో గడి రాలేదు.

విషయానికొస్తాను. సాయంత్రం సరుకు లిస్టు తీయడానికి మా దగ్గర ఒక మాక్రో ఉంది, అంటే వీబీఏలో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం. రాసిన హిందూపురం అబ్బాయి ఉద్యోగం మారి వైట్‌ఫీల్డ్ వైపు వెళ్ళిపోయాడు, మాక్రో మాకు మిగిలింది. దానికి మేం చెప్పాల్సినవి ఐదే: ఏ గోడౌన్, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా, ఏ పార్టీ, ప్రింటు కావాలా వద్దా. తమరు వాటిని ఒక్కొక్కటిగా అడుగుతారు. పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనిషి అమ్మాయి పేరడిగి బయటికెళ్ళి, తలుపు తట్టి లోపలికొచ్చి చదువడిగి, మళ్ళీ బయటికెళ్ళి మళ్ళీ వస్తుంటే ఆ ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారో, మేమూ అదే చేస్తున్నాం. మర్యాదగా నవ్వుతున్నాం.

మా స్టోర్ కీపర్ మదనపల్లె మనిషి, మా అందరికీ చిన్నాయన. మొన్న పిలిచి అడిగాడు.

"నాయనా, నాలుగోది అడుగుతా ఉంది. రెండోది తప్పు కొట్టినట్టుండా. వెనక్కి ఎట్ల పోవల్ల?"

"వెనక్కి పోయే దారి లేదు చిన్నాయనా. కాన్సిల్ కొట్టి మళ్ళీ మొదట్నుంచి రా."

కొట్టాడు. ఇక్కడే తమరి అసలు ప్రతిభ బయటపడింది. కాన్సిల్ కొట్టినా తమరి జవాబు ఖాళీయే, ఏమీ రాయకుండా ఓకే కొట్టినా ఖాళీయే. మా మాక్రోలో పార్టీ పేరు ఖాళీగా వదిలితే అన్ని పార్టీలూ అని అర్థం. చిన్నాయన "వద్దు" అన్నాడు. తమరు లోపలికెళ్ళి "మొత్తం కావాలంటున్నాడు" అని చెప్పారు. ప్రింటర్ ట్రేలో కాగితాలు అయిపోయేదాకా ఆగలేదు. ఈ రెండు ఖాళీల మధ్య తేడా కనిపెట్టడానికి స్ట్ర్‌పీటీఆర్ అనే వీబీఏ ఫంక్షన్ ఉందట, ఒక మాట మెమరీలో ఎక్కడుందో చెబుతుందట. అంటే వద్దన్న మాట తెలుసుకోవడానికి మెమరీ అడ్రసులు తవ్వాలన్నమాట.

తమరి పేరే పెట్టుకున్న ఇంకో పెద్దమనిషి ఉన్నారు, అప్లికేషన్ డాట్ ఇన్‌పుట్‌బాక్స్ గారు. ఆయన కాస్త నయం. టైప్ 1 అని చెబితే అంకెలు తప్ప ఇంకేవీ తీసుకోరు, 8 అంటే షీట్‌లో గడుల్ని మౌస్‌తో చూపించనిస్తారు. కాన్సిల్ కొడితే ఫాల్స్ అని స్పష్టంగా చెబుతారు. ఆ ఫాల్స్‌ని మామూలు టెక్స్ట్‌గా దాచుకునే మాక్రో అయితే మాత్రం, 'ఫాల్స్' అనే పార్టీకి ఈ నెల ఎంత సరుకు పోయిందా అని వెతకడం మొదలుపెడుతుంది. పీణ్యలో ఎన్నో కంపెనీలున్నాయి కానీ ఆ పేరుతో మా కస్టమర్లెవరూ లేరు.

తేదీల సంగతి వేరే చెప్పాలి. తమరు మా దగ్గర తీసుకునేది తేదీ కాదు, ఉత్త అక్షరాలు. వాటిని తేదీగా మార్చే సీడేట్ ఫంక్షన్ కంప్యూటర్‌లోని రీజియన్ సెట్టింగ్ చూసి నిర్ణయిస్తుంది. మా కొత్త ల్యాప్‌టాప్ అమెరికా సెట్టింగ్‌తో వచ్చింది. 03/04 అంటే మాకు ఏప్రిల్ 3, దానికి మార్చి 4. పోనీ అన్నీ తప్పు చేస్తే మొదటి రోజే పట్టుకునేవాళ్ళం. 13/04 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి నోరు మూసుకుని అదే సర్దుకుంటుంది, ఏప్రిల్ 13 అని సరిగ్గా తీసుకుంటుంది. ఒక్క హెచ్చరిక ఉండదు. నెలలో మొదటి 12 రోజులు మా లిస్టు వేరే నెలల్లో తిరిగొస్తుంది (4/4 లాంటి అదృష్టపు తేదీలు తప్ప), 13 నుంచి దారికొస్తుంది. ఆడిటర్ గారు చూసేది నెలాఖరులో. ఆయనకెప్పుడూ అంతా బాగానే కనబడింది. ఒక్క క్యాలెండర్ చూపించి ఉంటే ఈ రాద్ధాంతమే లేదు కదండీ!

సందేశం చూపించి బటన్ నొక్కమనే తమరి తమ్ముడు మెసేజ్‌బాక్స్ గురించి కూడా రెండు ముక్కలు. ఆయన బటన్లు మోస్తారు గానీ వాటి మీది పేర్లు మారనివ్వరు. సరుకు పీణ్య నుంచా, హోసూరు నుంచా అని అడగాలి. మాక్రోలో ఇలా ఉంది: "పీణ్య అయితే యస్ నొక్కండి, హోసూరు అయితే నో నొక్కండి." హోసూరు గోడౌన్ వాళ్ళు దీన్ని చాలాకాలంగా అవమానంగా భావిస్తున్నారు. మ్యాక్‌లో యాపిల్‌స్క్రిప్ట్ అని ఇలాంటి భాషే ఒకటుంది, అదీ 1993 నాటిదే. అందులో మూడు బటన్ల దాకా మనకిష్టమైన పేర్లు పెట్టుకోవచ్చు, లిస్టు చూపించి ఎంచుకోమనడానికి ఒక్క లైను చాలు. అదే ఈడు, బుద్ధి మాత్రం వేరు.

ఇంకోటి. తమ్ముడుగారు ఓకే అనేదాకా కదలరు. రాత్రి నడవాల్సిన రిపోర్టు మధ్యలో "మొదటి ఫైల్ అయింది" అని శుభవార్త చెప్పి పొద్దున మేం వచ్చేదాకా అలా నిలబడ్డారు. ఆ వేళ ఆఫీసులో ఉండేది సెక్యూరిటీ గార్డు ఒక్కడే. ఓకే నొక్కే అధికారం అతనికి లేదు.

చిన్నాయన చదవగలిగేలా ప్రశ్నలు తెలుగులో పెడదామని కూడా చూశాం. తమరి పనే ప్రశ్నలడగడం కాబట్టి కాబోలు, వీబీఏ ఎడిటర్‌లో తెలుగులో ఏం రాసినా అన్నీ ప్రశ్నార్థకాలే అయిపోయాయి. కోడ్ నంబర్లతో తెప్పించుకోవచ్చన్నారు. 'అ' కావాలంటే 3077 అని రాయాలి. రాశాం. తెచ్చాక మెసేజ్‌బాక్స్ గారు దాన్నీ ప్రశ్నార్థకంగానే చూపించారు. పాతకాలపు కోడ్‌పేజీల్లో (కంప్యూటర్ అక్షరాల పట్టికల్లో) మనకి చోటు లేకపోవడమే కారణమట. పక్క సీటు కన్నడిగుడు చూసి సంతోషించబోయాడు. వాళ్ళకీ లేదు. అదే తెలుగు షీట్‌లోని గడిలో రాస్తే ముత్యాల్లా కనబడుతుంది. ఎక్సెల్ లాంటి పనులే చేసే లిబ్రెఆఫీస్‌లో తమరి పేరుతోనే ఉన్న డబ్బా ఏ పేచీ లేకుండా తెలుగు చూపిస్తుంది.

ఇంత గోల ఎందుకు, యూజర్‌ఫామ్ (మనమే గీసుకునే ప్రశ్నల డబ్బా) వేసుకోండి అంటారు తమరి తరఫువాళ్ళు. చూశాం. ఆల్ట్, ఎఫ్11 నొక్కి లోపలికెళ్ళాలి. లేబుళ్ళు పెట్టాలి, గడులు గీయాలి, ఒకదాని కిందొకటి సరిచేయాలి. ట్యాబ్ నొక్కితే ఏ గడి తర్వాత ఏ గడో చెప్పాలి. ఓకేకి ఒక కోడ్, కాన్సిల్‌కి ఒకటి, పైన ఇంటూ గుర్తుకి ఇంకొకటి. ఇంతా చేస్తే క్యాలెండర్ ఉండదు. పాత ఫైల్‌లో ఒకటుండేది, 64 బిట్ ఆఫీస్‌లో అది పనిచేయదు. సరుకు పంపడం మానేసి ఫామ్‌లు గీస్తూ కూర్చోవడానికి మాకు ఎవరూ జీతం ఇవ్వరు.

మరి దీనికీ తమరికీ మధ్యలో ఏమీ ఉండకూడదా? చిక్‌పేటలో పెళ్ళికార్డులు డిజైన్ చేసే మా నెల్లూరాయన జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడతాడు. అందులో మాక్రోల్లాంటి స్క్రిప్టులు రాసుకోవడానికి స్క్రిప్ట్‌-ఫూ అని ఉంది. ఆ బ్రాకెట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి, అది వేరే సంగతి. కానీ స్క్రిప్టు చివర ఒక రంగు, ఒక ఫాంటు, ఇంత నుంచి ఇంత దాకా ఒక అంకె, ఒక టిక్కు, ఈ నాలుగింట్లో ఒకటి, అని తనకి కావాల్సినవి రాసుకుంటే చాలు. డబ్బా మొత్తం జింపే గీసిపెడుతుంది. రంగుకి రంగుల పలక, అంకెకి జరిపే పట్టీ, అన్నీ ఒకే తెరమీద. స్క్రిప్టు రాసినవాడు ఒక్క గీత గీయక్కర్లేదు. ఇంక్‌స్కేప్ అనే ఇంకో బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో కూడా ఒక చిన్న ఐఎన్ఎక్స్ ఫైల్‌లో గడుల పేర్లు రాస్తే సరిపోతుంది. ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్లు ఈ పాటి పని ఎప్పటినుంచో చేస్తున్నాయి. ఏం కావాలో మేం చెబుతాం, అది ఎలా కనబడాలో మీరు చూసుకోండి. ఇంతే మా కోరిక. ఇది విప్లవం కాదు.

అందాకా మేం తమరిని పక్కనపెట్టి షీట్‌లోనే పని కానిస్తున్నాం. ఐదు గడులు, గోడౌన్‌కి డేటా వాలిడేషన్‌ (తప్పు జవాబు రాయనివ్వని ఎక్సెల్ సౌకర్యం)తో లిస్టు, తేదీలకి ఇంత లోపే అని కట్టుబాటు, కింద ఒక బటన్. ఐదూ ఒకేసారి కనబడతాయి, తప్పు కొడితే వెనక్కెళ్ళి దిద్దుకోవచ్చు, ప్రశ్నలు తెలుగులో ఉన్నాయి. నా మట్టుకు నాకు ఇదే మేలనిపిస్తోంది. చిన్నాయన అప్పుడప్పుడు ఆ గడుల మీద లారీ నంబర్లు రాసుకుంటాడు, ఏం చేస్తాం. షీట్ లాక్ చేస్తే పాస్‌వర్డ్ ఏమిటని రోజూ ఫోన్.

ఒక్క చోట మాత్రం తమరిని తీసేయలేకపోయాం. సరుకు తిరిగొచ్చినప్పుడు కారణం అడిగే డబ్బా అది. ఒకే ప్రశ్న, ఒకే జవాబు, ఖాళీ అయితే మాక్రో ఆగిపోతుంది. దానికి తమరు సరిగ్గా సరిపోతారు. ఉండండి.

ఇట్లు,
డిస్పాచ్ సెక్షన్

తా.క.: వచ్చే నెల దాబస్‌పేటలో మూడో గోడౌన్ తెరుస్తున్నారు. తమ్ముడుగారి యస్, నోల పక్కన కాన్సిల్ కూడా పెట్టి, దాబస్‌పేట అయితే అది నొక్కమందామని మేనేజర్ గారు సలహా ఇచ్చారు.