ప్రేమ కొసరు, పుస్తకం అసలు

కొరియన్ రొమాన్స్ డ్రామాల్లో ఆఫీసు అనేది చాలాసార్లు హీరోకి సూటు తొడగడానికి ఒక సాకు. మీటింగులుంటాయి, అద్దాల గదులుంటాయి, ఆయన రోజంతా ఏం పని చేస్తాడో మాత్రం చివరి ఎపిసోడ్ అయిపోయినా మనకు తెలియదు. 2019 జనవరి నుంచి మార్చి దాకా కొరియన్ ఛానల్ టీవీఎన్‌లో ప్రసారమై, నెట్‌ఫ్లిక్స్ పుణ్యమా అని మన దాకా వచ్చిన ‘రొమాన్స్ ఈజ్ ఎ బోనస్ బుక్’ ఇక్కడే వేరుగా నిలుస్తుంది. ఇందులో పని కనిపిస్తుంది. నన్నడిగితే పనే అసలు, ప్రేమ కొసరు. ఆ కొసరు బాగానే ఉంది, కాదనను. హీరో లీ జాంగ్ సుక్ తప్పనిసరి సైనిక సేవకు వెళ్ళేముందు చేసిన సిరీస్ కాబట్టి అభిమానులు దాన్ని ఇంకా తీపిగా గుర్తుపెట్టుకున్నారు.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కాంగ్ డాని ఒకప్పుడు యాడ్స్‌లో మంచి పేరున్న కాపీరైటర్. పెళ్ళయింది, పాప పుట్టింది, ఉద్యోగం మానేసింది, ఏళ్ళు గడిచాక విడాకులు. మళ్ళీ పని కోసం తిరిగితే ఆ ఖాళీ ఏళ్ళ సంగతే అడుగుతారు తప్ప అంతకుముందు ఏం సాధించిందో ఎవరికీ పట్టదు. చివరికి డిగ్రీ, అనుభవం రెండూ దాచేసి, చిన్నప్పటి నుంచి తెలిసిన హీరో చా యున్‌హో చీఫ్ ఎడిటర్‌గా ఉన్న ‘గ్యోరు’ అనే ప్రచురణ సంస్థలో కాంట్రాక్టు మీద చేరుతుంది. కాఫీలు అందించడం, సామాన్లు మోయడం, ఎవరు ఏది చెబితే అది చెయ్యడం, అదీ ఉద్యోగం. చదువు ఎక్కువగా ఉందని చెబితే రాని పని, లేదని అబద్ధమాడితే వచ్చింది!

ఇది రచయిత్రి గాల్లోంచి పట్టిన సమస్య కాదు. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళను తిరిగి పనిలోకి తేవడానికి దక్షిణ కొరియా 2008లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేసుకుంది. అయినా ఆడ, మగ జీతాల తేడాలో, ఎక్కువగా ధనిక దేశాలుండే ఓఈసీడీ కూటమి మొత్తంలో ఆ దేశానిదే మొదటి స్థానం. డాని ఇంటర్వ్యూ సీన్లు చూస్తుంటే ఒళ్ళు మండేది అందుకే.

ఇక పుస్తకాల దగ్గరికి వస్తే, ఈ సిరీస్ ఓపిక చూసి ముచ్చటేస్తుంది. రాతప్రతి వస్తుంది, ఎడిటర్ చదువుతుంది, రచయితతో గొడవ పడుతుంది, ముఖచిత్రం మీద పెద్ద చర్చ, వెనక అట్ట మీద రాసే నాలుగు వాక్యాల మీద ఇంకో చర్చ. అమ్ముడుపోక తిరిగొచ్చిన కాపీలను తుక్కు చేయించడం కూడా చూపిస్తారు, ఆ సీన్ పుస్తకాలు ఇష్టపడేవాళ్ళు కాస్త ధైర్యం చేసుకుని చూడాలి. కొరియాలో అచ్చయ్యే పుస్తకాల్లో ఒక పేజీలో ఎడిటింగ్, డిజైన్, మార్కెటింగ్, ప్రొడక్షన్ చూసినవాళ్ళ పేర్లు వేస్తారు. డాని తను ఆలోచన ఇచ్చిన పుస్తకం చేతికి రాగానే ఆ పేజీ తిప్పి చూస్తే తన పేరుండదు. ప్రేమ విఫలమైనప్పటి ఏడుపులకంటే ఈ చిన్న అవమానమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

తెలుగులో రాసేవాళ్ళెవరైనా ఈ ఆఫీసును చూస్తే అసూయ పడకుండా ఉండలేరు. మన దగ్గర చాలా పుస్తకాలకు రచయితే ప్రచురణకర్త. డబ్బు పెట్టుకోవాలి, డీటీపీ చేయించుకోవాలి, ప్రూఫులు దిద్దడానికి స్నేహితుల్ని బతిమాలుకోవాలి, ఆవిష్కరణ సభ పెట్టుకోవాలి, ఆ తర్వాత మిగిలిన కట్టలు ఇంట్లో అటక మీద. ఇక్కడ ‘ప్రతులకు’ అని అడ్రస్ ఉంటుంది, బొమ్మ వేసినవాళ్ళ పేరుంటుంది, ఎడిటర్ పేరు మాత్రం వెతుక్కోవాలి. పేరు వెయ్యకపోవడం కాదు, చాలాసార్లు అసలు ఆ మనిషే ఉండరు. ఈ మధ్య కొన్ని కొత్త ప్రచురణ సంస్థలు శ్రద్ధ పెడుతున్నాయి, అది వేరే సంగతి. కథలో ముప్పై పేజీలు తీసెయ్యమని మొహమాటం లేకుండా చెప్పేందుకు, జీతం తీసుకునే మనిషి ఒకరు ఉండడం ఎంత అదృష్టమో గ్యోరులో వాళ్ళకు తెలిసినట్టు లేదు.

అలాగని అక్కడ అంతా బంగారమేమీ కాదు. 2017 మొదట్లో సాంగిన్ అనే పెద్ద పుస్తకాల టోకు వ్యాపార సంస్థ చేతులెత్తేస్తే, దాన్నే నమ్ముకున్న చిన్న ప్రచురణకర్తలు విలవిల్లాడారు. అది జరిగిన రెండేళ్ళకే వచ్చిన సిరీస్‌లో ఆఫీసు అంత కళకళలాడుతుంటే కొంచెం అనుమానంగానే ఉంటుంది.

నా అసలు ఫిర్యాదు డాని సమస్యను తేల్చిన తీరు మీద. అబద్ధం బయటపడ్డాక సంస్థ ఒక నిమిషం కఠినంగా ఉంటుంది, తర్వాత మనసు మార్చుకుంటుంది. నియామకాల రూల్ మారదు, మనుషులు మంచివాళ్ళవుతారు. పైగా కష్టకాలంలో ఆమెకు తల దాచుకోవడానికి, బెస్ట్‌సెల్లర్ రచయిత కూడా అయిన యున్‌హో ఇల్లుంది! ఆ ఇల్లు లేని డానిల గురించి రెండు ఎపిసోడ్లు ఖర్చుపెట్టి ఉంటే, యున్‌హో చూపులు కాస్త తగ్గినా నాకు బాధ లేదు.

అందుకే నా ఓటు సాంగ్ హేరిన్‌కి. రెండో హీరోయిన్ అంటే కుట్రలు చెయ్యాలనే పాత అలవాటుకి పోకుండా, ఇష్టపడినవాడు దక్కకపోయినా మర్నాడు వచ్చి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చునే ఎడిటర్ ఆమె. కింద చేరిన ట్రెయినీని సతాయిస్తుంది, పనీ నేర్పిస్తుంది. ఎప్పుడైనా రెండో భాగం తీస్తే హేరిన్ టేబుల్ దగ్గర మొదలుపెట్టండి, హీరో లేకపోయినా సర్దుకుంటాం.