దైవసాక్షి గారికి, ఒక మామూలు సాక్షి రాయునది

అయ్యా,

మీరు క్షేమమని తలుస్తాను. మొన్న టీవీలో మంత్రుల ప్రమాణ స్వీకారం చూశాను. "భయం గానీ, పక్షపాతం గానీ, రాగద్వేషాలు గానీ లేకుండా" అన్నచోట ఒకాయన లైను తప్పిపోయి, కాగితంలో వేలు పెట్టి వెతుక్కున్నారు. మీ పేరు దగ్గరకొచ్చేసరికి మాత్రం గొంతు ఖంగుమంది. అప్పుడే మీకో ఉత్తరం రాయాలనిపించింది.

ఈ దేశంలో మీ అంత బిజీ సాక్షి ఇంకొకరు లేరు. ఇన్ని వేల ప్రమాణాలకు మిమ్మల్ని సాక్షి అన్నారే గానీ, ఒక్కసారైనా పిలిపించి "ఆరోజు ఆయన ఏమన్నాడు, తర్వాత ఏం చేశాడు" అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

నేనూ ఒకసారి సాక్షినే. పక్కింటి బాబాయి పొలం గట్టు కేసులో. బోనెక్కగానే బంట్రోతు ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాడు: "దేవుని ఎదుట ప్రమాణం చేసి అంతా నిజం చెబుతాను, అబద్ధం చెప్పను, అనండి." సినిమాల్లోలా ఎర్రగుడ్డ చుట్టిన భగవద్గీత వస్తుందేమోనని చెయ్యి చాచి నిలబడ్డాను. ఏమీ రాలేదు. చాచిన చేత్తో తల గోక్కుని దించేశాను. 1969 నాటి ప్రమాణాల చట్టం ఏ గ్రంథం మీదా చెయ్యి పెట్టమనలేదని తర్వాత తెలిసింది.

"దేవుడి మాట లేకుండా చెప్పొచ్చా?" అని అడిగాను. నేను నాస్తికుణ్ణేం కాదు, పరీక్షల ముందు మీకు కొబ్బరికాయలు మొక్కుకున్నవాణ్ణే. ఊరికే, తెలుసుకుందామని. బెంచ్ క్లర్కు కళ్లద్దాల పైనుంచి చూశాడు. మా లాయరు వచ్చి చెవిలో, "చెప్పొచ్చండీ, కానీ లంచ్ లోపు కానిచ్చేయండి" అన్నాడు.

నా తర్వాత మా తరఫునే ఇంకొకాయన ఎక్కాడు. నుదుటి నిండా విభూతి. కళ్లు మూసుకుని, చేతులు జోడించి, మీ పేరు పలికేటప్పుడు గొంతు వణికింది కూడా. కళ్లు తెరిచి, గట్టు తవ్వుతుంటే స్వయంగా చూశానన్నాడు. ఆ వారమంతా ఆయన కూతురి పురుడికి వేరే ఊళ్లో ఉన్నాడని కోర్టు వరండాలో అందరికీ తెలుసు. అవతలి పక్షం సాక్షి హేతువాది. "నేను దేవుణ్ణి నమ్మను. సత్యనిష్ఠతో చెబుతాను" అని చిన్న ఉపన్యాసమే ఇచ్చాడు. ఆ వెంటనే ఆ గట్టును ముప్పై ఏళ్లుగా చూస్తున్నానన్నాడు. ఆయన మా ఊరొచ్చి నాలుగేళ్లు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగుతూ, దేవుడున్నాడా లేడా అని గట్టిగా వాదించుకున్నారు. గట్టు ఊసు మాత్రం ఎత్తలేదు.

నా సంగతా? గట్టు మీది కొబ్బరి చెట్టు బాబాయి నాటింది కాదని నాకు తెలుసు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. "అంతా నిజం"లో "అంతా" ఒక్కటే మింగాను. మీరు చూసే ఉంటారు.

చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, చట్టానికి మీరంటే పెద్ద పట్టింపు లేదండీ. ప్రమాణం చేయించడం మరిచిపోయినా సాక్ష్యం చెల్లుతుందని ఆ ప్రమాణాల చట్టంలోని 7వ సెక్షనే అంటుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ప్రమాణమంటే ఏమిటో తెలియకపోయినా, నిజం చెప్పాలని తెలిస్తే చాలు, మీతో పని లేకుండానే వింటారు. కోర్టులో తప్పుడు సాక్ష్యానికి శిక్ష ఏడేళ్ల వరకు. మీ పేరు చెప్పినా, చెప్పకపోయినా అంతే.

రాజ్యాంగ సభలో మీకు జరిగిన పరాభవం కూడా చదివాను. 1949 అక్టోబర్ 17న, ప్రవేశికను "దేవుని పేరిట" అని మొదలుపెడదామని సభ్యుడు హెచ్.వి. కామత్ పట్టుబట్టారు. దేవుణ్ణి ఓటుకు పెట్టి మమ్మల్ని ఇరకాటంలో పడేయొద్దని పూర్ణిమా బెనర్జీ బతిమాలారు. కామత్ వినలేదు. మీకు 41, వ్యతిరేకంగా 68. వద్దన్న ఇంకో సభ్యుడు కుంజ్రూ గారి వాదన మీరు లేరని కాదు, మిమ్మల్ని ఒకరి మీద రుద్దకూడదని. అయితే రాజ్యాంగంలో ప్రమాణాల నమూనాలుండే మూడో షెడ్యూల్లో మీకు చోటు దొరికింది. పైన దేవుని పేరిట ప్రమాణం, మధ్యలో అడ్డగీత, కింద సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ. లెక్కల పుస్తకంలో భిన్నంలా ఉంటుంది: మీరు లవం, నాస్తికుడు హారం.

బ్రిటన్‌లో చార్లెస్ బ్రాడ్లా అనే నాస్తికుడు 1880లో ఎంపీగా గెలిచి, ప్రమాణం బదులు ప్రతిజ్ఞ చేస్తానన్నాడు. కుదరదన్నారు. పోనీ ప్రమాణమే చేస్తానన్నాడు. నమ్మనివాడివి, నీ ప్రమాణం చెల్లదన్నారు. జనం మళ్లీ మళ్లీ గెలిపించినా, సీట్లో స్థిరంగా కూర్చునేసరికి 1886 వచ్చింది. మనకా బాధ లేదు. దేవుణ్ణి నమ్మనివాళ్లు "ఆత్మసాక్షిగా" అంటారని పేపర్లు రాస్తాయి. మిమ్మల్నే నమ్మనివాడికి ఆత్మను అంటగట్టిన తెలుగు బుర్రకు దండం పెట్టాలి.

ఎవరైనా అలా అంటే చాలు, సాయంత్రం టీవీలో చర్చ. దేవుణ్ణి అవమానించాడని ఒకరు, సెక్యులర్ దేశంలో దేవుడేమిటని ఇంకొకరు. ఆ మంత్రి గారు వేలు పెట్టి వెతుక్కున్న "రాగద్వేషాల" మీద మాత్రం చర్చ పెట్టిన చానెల్ నా కంటబడలేదు. రాజ్యాంగం 193వ అధికరణం చూడండి: ప్రమాణం చేయకుండా సభలో కూర్చున్నా, ఓటేసినా రోజుకు 500 రూపాయల జరిమానా. చేసి మరిచిపోతే ఎంతో అక్కడ రాయలేదు.

కాబట్టి నా మనవి. ఒక్కసారి వచ్చి బోనెక్కండి. సమన్లు ఏ అడ్రసుకు పంపాలో ఎవరికీ తెలియదు, గుడికి పంపితే మసీదువాళ్లు, మసీదుకు పంపితే చర్చివాళ్లు ఒప్పుకోరు. అందుకే మీరే రండి. సాక్షి బత్తా నేను ఇప్పిస్తాను. ఒక్క చిక్కుంది. బోనెక్కగానే బంట్రోతు మీ చేత కూడా "దేవుని ఎదుట ప్రమాణం చేసి" అనమంటాడు. అక్కడెలాగూ ఆగిపోతారు. కంగారు పడకండి, గీత కిందున్న లైను చదవండి. లంచ్ లోపు కానిచ్చేస్తారు.

ఇట్లు,
కొబ్బరి చెట్టు సంగతి దాచిన సాక్షి