పతకం ఇచ్చిన మర్నాడు

ఏటా ఆగస్టు 14న, తన స్వాతంత్ర్య దినోత్సవం నాడు, పాకిస్తాన్ ప్రభుత్వం పౌర పురస్కారాల జాబితా ప్రకటిస్తుంది. మరుసటి ఏడాది మార్చి 23న, 1940 నాటి లాహోర్ తీర్మానాన్ని తలచుకునే రోజున, ఆ పురస్కారాలను ప్రదానం చేస్తారు. నిషాన్, హిలాల్, సితారా, తమ్ఘా అని వాటికి నాలుగు అంతస్తులు; చిహ్నం, నెలవంక, నక్షత్రం, పతకం అని వరుసగా ఆ మాటలకు అర్థం. ఇవి కాక కళలకు, సాహిత్యానికి, క్రీడలకు, విజ్ఞానానికి ‘ప్రైడ్ ఆఫ్ పెర్ఫార్మెన్స్’ అనే పురస్కారం వేరే ఉంది. ఈ జాబితా మన పత్రికల కంటపడేది అందులో భారతీయుడి పేరు ఉన్నప్పుడే. 1990లో మొరార్జీ దేశాయ్‌కి నిషాన్-ఎ-పాకిస్తాన్ ఇచ్చినప్పుడు, 1998లో దిలీప్ కుమార్‌కు నిషాన్-ఎ-ఇంతియాజ్ ఇచ్చినప్పుడు అలాగే జరిగింది. ఆ మరుసటి ఏడాది కార్గిల్ యుద్ధం రాగానే పతకం తిరిగిచ్చేయాలని ముంబయిలో గోల మొదలైంది. పెషావర్‌లో పుట్టిన దిలీప్ కుమార్ దాన్ని తన వద్దే ఉంచుకున్నారు. ఆ రభస సంగతి అలా ఉంచి, ఆ దేశం తన సొంత మనుషుల్లో ఎవరిని గౌరవించింది, ఎంత ఆలస్యంగా గౌరవించింది, అంతకన్నా ముఖ్యంగా, పతకం మెడలో వేసిన మర్నాడు ఏం చేసిందన్నది చూడవలసిన విషయమని మేము భావిస్తున్నాము.

కరాచీలో ఈధీ ఫౌండేషన్ కేంద్రాల గుమ్మం ముందు లోహంతో చేసిన ఒక ఊయల, అందులో చిన్న పరుపు ఉంటాయి. బిడ్డను చంపవద్దు, ఈ ఊయలలో వదిలి వెళ్లండి అని పక్కనే బోర్డు. ఎవరు వదిలారు, ఎందుకు వదిలారు అని ఎవరూ అడగరు. ఆ ఊయలను అక్కడ పెట్టించిన అబ్దుల్ సత్తార్ ఈధీ 1928లో గుజరాత్‌లోని జునాగఢ్ దగ్గర బాంట్వాలో పుట్టి, 1947లో కుటుంబంతో కరాచీకి తరలివెళ్లారు. మీఠాదర్ ఇరుకు సందుల్లో చిన్న మందుల గదితో మొదలుపెట్టి, 1957లో నగరాన్ని ఫ్లూ చుట్టుముట్టినప్పుడు గుడారాలు వేసి వైద్యం చేయించి, ఆ తర్వాత వచ్చిన విరాళంతో పాత వ్యాను ఒకటి కొని దానినే అంబులెన్సుగా మార్చారు. ప్రపంచంలోనే అతిపెద్ద స్వచ్ఛంద అంబులెన్సు సేవల్లో ఒకటిగా ఎదిగిన వ్యవస్థకు ఆ పాత వ్యానే మూలం. ప్రభుత్వం ఆయనకు 1989లో నిషాన్-ఎ-ఇంతియాజ్ ఇచ్చింది. 2016 జులైలో ఆయన కన్నుమూసినప్పుడు జాతీయ స్టేడియంలో అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించి, మరుసటి ఏడాది ఆయన బొమ్మతో 50 రూపాయల నాణెం కూడా ముద్రించింది. ఆయన మాత్రం అంతకు పాతికేళ్ల ముందే తన గొయ్యి తానే తవ్వుకుని, ఒంటి మీద ఉన్న బట్టలతోనే పూడ్చమని చెప్పి ఉంచారు. దానం చేయదగిన స్థితిలో మిగిలినవి కళ్లే కాబట్టి అవీ ఇచ్చి వెళ్లారు.

గౌరవంలో లోటు లేదు, సరే. అయితే ఈధీ చేసిన పని నిజానికి ఎవరిది? దారిన పడి ఉన్న క్షతగాత్రుడిని ఆస్పత్రికి చేర్చడం, అనాథ శవానికి స్నానం చేయించి ఖననం చేయడం, విడిచిపెట్టిన పసికందుకు పాలు పట్టడం ఏ దేశంలోనైనా ముందుగా ప్రభుత్వం తలకెత్తుకోవలసిన పనులే. ఆయనకు అత్యున్నత పురస్కారాల్లో ఒకటి ఇచ్చిన పదిహేనేళ్లకు, 2004లో, పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్రంలో 1122 పేరిట ప్రభుత్వ అత్యవసర సర్వీసు మొదలైంది. ఇందులో మనం గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 రోడ్డెక్కింది 2005లో. అయినా కరాచీ విషయంలో ఒక మాట అనక తప్పదు. ఒక మనిషి అంత బరువు మోస్తుంటే పక్కన నిలబడి చప్పట్లు కొట్టడం ప్రభుత్వానికి చవకైన పని. మోత తగ్గించడానికే ఖర్చవుతుంది.

ఈధీ దంపతుల పేరు తెలుగు ఇళ్లలో వినపడింది పురస్కారాల వల్ల కాదు. పొరపాటున సరిహద్దు దాటి లాహోర్‌లో దొరికిన, వినికిడీ మాటా లేని భారతీయ బాలికను ఏళ్ల తరబడి కరాచీలో పెంచి, ఆమె హిందువని గ్రహించి పూజకు దేవుడి పటాలు అమర్చి ఇచ్చిన తల్లి బిల్కీస్ ఈధీ. 2015 అక్టోబరులో ఆ యువతి భారతదేశం చేరుకుంది. ప్రధాని మోదీ ప్రకటించిన కోటి రూపాయల విరాళాన్ని ఈధీ మర్యాదగా కాదన్నారు. తన ఊరు నది పక్కన, రైల్వే స్టేషన్ దగ్గర ఉండేదన్న ఒక్క జ్ఞాపకం ఆధారంగా 2020 చివరలో ఆమెను మన బాసరకు కూడా తీసుకువచ్చి వెతికారు. గోదావరి ఒడ్డున ఆమె నిలబడి చుట్టూ చూస్తున్న దృశ్యాలు అప్పట్లో టీవీల్లో చూసిన పాఠకులు ఉండే ఉంటారు. ఆఖరికి తల్లి ఆచూకీ దొరికింది మహారాష్ట్రలో. బిల్కీస్ 2022 ఏప్రిల్‌లో కాలం చేశారు.

పతకం, పని చేయి చేయి కలిపి నడిచిన ఉదాహరణ కూడా పాకిస్తాన్‌లోనే ఉంది. రూత్ ఫౌ పుట్టుకతో జర్మన్, చదువుతో వైద్యురాలు, జీవితం ఎంచుకోవడంలో క్రైస్తవ సన్యాసిని. 1960లో దక్షిణ భారతదేశానికి బయలుదేరి, వీసా చిక్కు వల్ల కరాచీలో ఆగిపోయారు. అక్కడ మెక్లియాడ్ రోడ్డు వెనుక కుష్ఠు రోగుల వాడలో, తన ఈడు యువకుడొకడు అదేమీ వింత కానట్టు చేతుల మీద, కాళ్ల మీద పాకుతూ వైద్యశాలలోకి రావడం చూశారు. ఇక ఆ ఊరు విడిచి వెళ్లలేదు. వెళ్లినా, మరుసటి ఏడాది వేలూరు వచ్చి కుష్ఠు చికిత్సలో శిక్షణ పొంది మళ్లీ కరాచీకే చేరారు. ఆమె నడిపిన మేరీ అడిలైడ్ కేంద్రం దగ్గరే ఆగి ఉంటే ఇది మరో దయామయి కథ అయ్యేది. ఆమె మాత్రం ప్రభుత్వాన్ని కూర్చోబెట్టి ఒప్పించారు. జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1979లో హిలాల్-ఎ-ఇంతియాజ్ ఇచ్చిన ప్రభుత్వమే ఆమెను కుష్ఠు వ్యవహారాల సలహాదారుగా కూడా నియమించుకుంది. 1988లో పౌరసత్వం, 1989లో హిలాల్-ఎ-పాకిస్తాన్ వచ్చాయి. 1996లో, ఆసియాలో కుష్ఠును అదుపులోకి తెచ్చిన తొలి దేశాల్లో ఒకటిగా పాకిస్తాన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 1980లలో 19 వేలు దాటిన కేసులు 2016 నాటికి 531కి దిగాయి. 2017 ఆగస్టులో ఆమె మరణిస్తే త్రివిధ దళాలు వందనం చేయడం, కరాచీ సివిల్ ఆస్పత్రికి ఆమె పేరు పెట్టడం అందుకే వట్టి తంతులా అనిపించవు. ఆ గౌరవం వెనుక లెక్క చూపించగల పని ఉంది.

సేవ నుంచి కళల వైపు తిరిగితే కథ మారిపోతుంది. పాకిస్తాన్ రాజ్యాంగంలోని 259వ అధికరణం బిరుదులను నిషేధిస్తూ, శౌర్యానికి, సైన్యంలో విశిష్ట సేవకు, విద్యలో, క్రీడల్లో, నర్సింగ్‌లో ప్రతిభకు మాత్రం అధ్యక్షుడు పతకాలు ఇవ్వవచ్చని అంటుంది. నర్సులను పేరుపెట్టి తలచిన ఆ వాక్యం మెచ్చుకోదగినదే. కవిని, గాయకుడిని మాత్రం అది తలచలేదు. రాసినవారు కావాలని వదిలి ఉండకపోవచ్చు గాని, ఆ దేశపు కవులకు దక్కిన మర్యాద చూస్తే ఆ లోపం కాకతాళీయం అనిపించదు.

ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో సంగతి చూడండి. కథల్లో అశ్లీలం ఉందంటూ దేశవిభజనకు ముందు మూడుసార్లు, తర్వాత పాకిస్తాన్‌లో మూడుసార్లు ఆయనను కోర్టు మెట్లెక్కించారు. బ్రిటిష్ వారు రాసిన శిక్షాస్మృతిలోని 292వ సెక్షనే రెండు చోట్లా ఆధారం. 1955 జనవరిలో, 42 ఏళ్ల వయసులో, లాహోర్‌లో ఆయన చనిపోయారు. మరణానంతర నిషాన్-ఎ-ఇంతియాజ్ ప్రకటించింది 2012 ఆగస్టులో. అంటే 57 ఏళ్ల తర్వాత. 292వ సెక్షన్ మాత్రం అక్కడి శిక్షాస్మృతిలో పదిలంగా ఉంది. మన పాత చట్టంలోనూ మొన్నమొన్నటి దాకా అదే అంకెతో ఉండేది, ఇప్పుడు కొత్త సంహితలో అంకె మారింది.

ఉర్దూ కవి హబీబ్ జాలిబ్‌ది ఇంకా ముతక వ్యవహారం. సభలో మైకు ముందు నిలబడి తన పద్యాన్ని రాగం తీసి చదివితే, అక్షరం రాని కూలీ కూడా తర్వాతి పాదం అందుకునేవాడు. సైనిక పాలకుడు అయూబ్ ఖాన్ తెచ్చిన రాజ్యాంగాన్ని కాదన్నందుకు జైలు, భుట్టో హయాంలో హైదరాబాద్ కుట్ర కేసులో జైలు (మన హైదరాబాద్ కాదు, సింధ్‌లోనిది), మరో సైనిక పాలకుడు జియా హయాంలో మళ్లీ జైలు. 1993లో ఆయన పోయాక, 2009 మార్చి 23న నిషాన్-ఎ-ఇంతియాజ్ ఇచ్చింది భుట్టో స్థాపించిన పార్టీ ప్రభుత్వమే. మన కాళోజీని నిజాం రాజ్యం జైల్లో పెట్టింది, 1992లో పద్మవిభూషణ్ ఇచ్చింది వేరే రాజ్యం. జాలిబ్ విషయంలో జైలు గది తాళం, పతకం పెట్టె తాళం ఒకే గుత్తిలోవి. రావల్పిండి కుట్ర కేసులో నాలుగేళ్లు నిర్బంధంలో గడిపిన ఫైజ్ అహ్మద్ ఫైజ్‌కూ చనిపోయిన ఆరేళ్లకు, 1990లో, అదే పురస్కారం దక్కింది. బతికి ఉన్నప్పుడు పుచ్చుకున్నవారిలో అహ్మద్ ఫరాజ్ ఒకరు. ఆయన 2004లో హిలాల్-ఎ-ఇంతియాజ్ అందుకుని, ముషారఫ్ ప్రభుత్వ పోకడలు గిట్టక 2006లో తిరిగి పంపేశారు. చనిపోయిన కవి ఆ పని చేయలేడు. మరణానంతర పురస్కారాల్లో ప్రభుత్వాలకు ఉన్న సుఖం అదేనేమో!

పాటగాళ్ల పట్ల కాస్త దయ ఎక్కువ చూపారనాలి. మెహదీ హసన్, నూర్జహాన్, నుస్రత్ ఫతే అలీ ఖాన్, ఆబిదా పర్వీన్ అందరూ జీవించి ఉండగానే సన్మానం పొందినవారే. రాజస్థాన్‌లోని లూణా గ్రామంలో పుట్టి, విభజన తర్వాత సైకిల్ షాపులో, ఆపై మోటారు మెకానిక్‌గా చేతులు నల్లబరుచుకున్న మెహదీ హసన్ గజల్‌కు మారుపేరు కావడం రెండు దేశాల ఉమ్మడి అదృష్టం. అయితే జానపద కళాకారుడికి పతకం కూడు పెట్టదన్న నిజం సరిహద్దుకు రెండు వైపులా ఒకటే. 2022లో పద్మశ్రీ అందుకున్న మన కిన్నెర మొగిలయ్య, 2024లో హైదరాబాద్ శివార్లలో దినకూలీగా పని చేస్తూ కనిపించిన వార్త చదివిన మనకు పొరుగువారి మీద వేలెత్తే హక్కు ఎంత ఉందో ఎవరికి వారే చెప్పుకోవాలి.

ఈ జాబితాల్లో తెలుగు నేలకు బంధువులైన పేర్లూ ఉన్నాయి. 1948 తర్వాత హైదరాబాద్ సంస్థానం నుంచి కరాచీ చేరిన ఒక కుటుంబంలో, బడి మెట్లు ఎక్కకుండా ఇంట్లోనే చదువుకున్న ఫాతిమా సురయ్యా బజియా టీవీ నాటకాల రచయిత్రిగా ఆ దేశమంతటికీ అక్కగా మారారు. ‘బజియా’ అంటే అక్కే మరి. 2012లో ఆమెకు హిలాల్-ఎ-ఇంతియాజ్ వచ్చింది. ఆమె తమ్ముడు అన్వర్ మక్సూద్ వ్యంగ్యానికి, చెల్లెలు జెహ్రా నిగాహ్ కవిత్వానికి పేరుపడ్డారు. ప్రభుత్వ సత్కారాలు అందుకున్న చిత్రకారుడు సాదిఖైన్ 1980ల తొలినాళ్లలో భారత పర్యటనకు వచ్చి, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు తన కుడ్యచిత్రం ఒకటి ఇచ్చి వెళ్లారు.

హైదరాబాద్‌లో పుట్టి, జర్మనీలో హైజెన్‌బర్గ్ దగ్గర చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన గణిత భౌతిక శాస్త్రవేత్త రజియుద్దీన్ సిద్దిఖీ 1950లో పాకిస్తాన్ వెళ్లారు. సితారా-ఎ-ఇంతియాజ్ పొందారు. ఇస్లామాబాద్ విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి ఆయనే. ఇప్పుడది ఖాయిదే ఆజం విశ్వవిద్యాలయం. 2016 డిసెంబరులో అక్కడి భౌతికశాస్త్ర కేంద్రానికి నోబెల్ గ్రహీత, భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలాం పేరు పెట్టడానికి ప్రధాని నవాజ్ షరీఫ్ ఆమోదించారు. రెండేళ్లు తిరగకుండానే, 2018 మేలో, ఆ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగానికి సలాం బదులు మధ్యయుగాల శాస్త్రవేత్త ఒకరి పేరు పెట్టాలని జాతీయ అసెంబ్లీ తీర్మానించింది.

సలాం 1959లోనే సితారా-ఎ-పాకిస్తాన్ పొందినవారు. 1974లో రాజ్యాంగాన్ని సవరించి, తమను ముస్లింలుగానే భావించుకునే అహ్మదీయ శాఖవారు ముస్లింలు కారని ప్రకటించడంతో, అహ్మదీయుడైన ఆయన మనసు విరిగి ప్రభుత్వ బాధ్యతలు వదులుకున్నారు. 1979లో నోబెల్ బహుమతి అందుకోవడానికి స్టాక్‌హోంలో తలపాగా, షేర్వాణీతో వేదికెక్కారు. అదే ఏడాది జియా ప్రభుత్వం నిషాన్-ఎ-ఇంతియాజ్ ఇచ్చింది. అదే జియా 1984లో తెచ్చిన ఆర్డినెన్సు ప్రకారం, అహ్మదీయుడు తనను ముస్లిం అని చెప్పుకోవడం నేరం. 1996 నవంబరులో ఆక్స్‌ఫర్డ్‌లో మరణించిన సలాంను పాకిస్తాన్‌లోని రబ్వా పట్టణానికి తెచ్చి తల్లిదండ్రుల పక్కన ఖననం చేశారు. సమాధి రాతి మీద నోబెల్ పొందిన తొలి ముస్లిం అని ఇంగ్లీషులో చెక్కించారు. తర్వాత అధికారుల ఆదేశంతో ‘ముస్లిం’ అన్న మాటను చెరిపేశారు. తొలి నోబెల్ గ్రహీత అని మిగిలిన ఆ వాక్యానికి అర్థం కుదరడం లేదు. దాన్ని సరిచేయడానికి అక్కడ ఇంతవరకు ఎవరూ ఉలి పట్టలేదు.