మిషన్లు వచ్చాయి సరే, వెళ్లేదెలా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎవర్ని కదిపినా, కిడ్నీలు ఎంత పాడయ్యాయో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ తమకు ఎంతుందో ఠక్కున చెప్పేస్తారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్లలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్లయినా గట్టిగా తేలలేదు. ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖ రైలెక్కాల్సిందే; 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి తెరిచారు, డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల పింఛనూ వస్తోంది. ఏది ఎవరి హయాంలో వచ్చిందన్న గొడవ పార్టీలే పడనీయండి.

మా పేచీ అంతా లెక్క దగ్గరే. ఎన్ని మిషన్లు పెట్టారో చెబుతారు గానీ, వారానికి మూడుసార్లు రావాల్సిన మనిషి ఎన్నిసార్లు రాగలుగుతున్నాడో ఎవరూ చెప్పరు. మిషన్ మీద ఉండేది నాలుగు గంటలే, కానీ తెల్లారకముందే ఆటో పట్టుకుని వెళ్లి, వంతు వచ్చేదాకా కూర్చుని, సూదులు తీశాక రక్తం ఆగేదాకా చేయి నొక్కిపట్టుకుని, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతుంటే ఎలాగో ఇల్లు చేరేసరికి ఆ రోజు అయిపోయినట్టే, తోడొచ్చిన మనిషి కూలీ కూడా. దాంతో మూడోసారి ఎగ్గొడతారు. ఒంట్లో నీరు చేరి ఆయాసం, పొటాషియం పెరిగితే ఏకంగా గుండెకే ముప్పు.

ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ ఒకటుంది. పొట్టలోకి సన్నటి గొట్టం అమర్చి, రెండు లీటర్ల ద్రవం నింపి, కొన్ని గంటలయ్యాక వంపేస్తారు. రోజుకు మూడు నాలుగుసార్లు. రక్తాన్ని వడకట్టేది పొట్ట లోపలి పొరే, మిషనూ కరెంటూ అక్కర్లేదు. హాంకాంగ్ 1985 నుంచీ తన ప్రభుత్వ ఆస్పత్రుల్లో దీనికే పెద్దపీట వేసింది. మన జాతీయ డయాలసిస్ పథకంలోకీ 2019లో చేరింది, కాగితం మీద.

చేతులు సరిగ్గా కడుక్కోకపోతే పొట్టలో ఇన్ఫెక్షన్ వస్తుంది, ఇది చిన్న విషయం కాదు, అందరికీ పడదు కూడా. అందుకే నేర్పే నర్సు కావాలి, ఇల్లు చూసొచ్చే మనిషి కావాలి. నెల నెలా పింఛను గుమ్మంలో చేతికిస్తున్న ప్రభుత్వానికి ద్రవం సంచులు చేర్చడం చేతకాని పనా? ముందు పలాసలోనే మొదలెట్టండి. డయాలసిస్ తప్పదని డాక్టరు చెప్పిన రోజే రోగినీ ఇంట్లోవాళ్లనీ కూర్చోబెట్టి రెండు పద్ధతులూ వివరించాలి, ఏది కావాలో వాళ్లనే అడగాలి.