సుత్తి పట్టించకుండా జియాలజీ డిగ్రీ ఇవ్వకండి

"జియాలజీ చదివితే ఏమొస్తుంది మేడమ్, రాళ్ళు కొట్టుకోవడమేగా?" అని అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులు అడుగుతుంటారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. తెలియక అడుగుతున్నారు. జియాలజీ నేర్పుతున్నామంటూ పిల్లల్ని నాలుగు గోడలు దాటనివ్వని కాలేజీలను చూస్తేనే నా ఒళ్ళు మండుతుంది.

ఉద్యోగాల సంగతి ముందే చెప్పేస్తాను. ఎమ్మెస్సీ అయ్యాక యూపీఎస్సీ పెట్టే జియో సైంటిస్ట్ పరీక్షలో గట్టెక్కితే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలోనో, కేంద్ర భూగర్భ జల మండలిలోనో కొలువు దొరుకుతుంది. బొగ్గు తవ్వే సింగరేణి, ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ, చమురు తీసే ఓఎన్‌జీసీ ఉన్నాయి. యురేనియం వెతికే ఏఎండీ (అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్) ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. నెట్ అనే అర్హత పరీక్ష రాసి లెక్చరర్ కావచ్చు. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ఆ మాట దాచను.

నేను మాత్రం పాఠం చెప్పాలనే ఈ చదువులోకి వచ్చాను. తిరుపతిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒకరోజు మా సారు మమ్మల్ని తిరుమల ఘాట్ దగ్గరికి తీసుకెళ్ళారు. కొండ కోసిన చోట, మట్టి తుడిచి, నా చెయ్యి పట్టుకుని రాతి మీద ఆనించారు. బొటనవేలి కింద గరుకుగా గ్రానైట్. చిటికెనవేలి దగ్గర పొరలుపొరలుగా క్వార్ట్‌జైట్. "ఈ రెంటికీ మధ్య పదుల కోట్ల ఏళ్ళున్నాయమ్మా. ఆ కాలం తాలూకు రాయి ఇక్కడ మిగల్లేదు" అన్నారు. మధ్య కాలం రాయి లేకుండా పాత రాయి మీద కొత్త రాయి నిలిచిన ఈ హద్దుని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారని పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో! నా అరచేతికి అందాకే అర్థమైంది. రోజూ వేలమంది గోవింద నామం చెప్పుకుంటూ దాటిపోయే చోటు అది. ఆ రోజు నుంచి నేను ఏ పాఠం చెప్పినా ముందు పిల్లల చేతికి ఏదో ఒకటి ఇస్తాను.

బడిలో అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని ముక్కున పట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే అందరం. అలా చదివే ఒక పిల్లని, వాళ్ళ వంటింట్లో కడప బండ మీద నిమ్మకాయ కోస్తే తెల్లటి మచ్చ ఎందుకు పడుతుందో అడగండి. ఒక నాపరాయి ముక్క ముందు పెట్టి, పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేసి చూపించండి. బుసబుసా పొంగుతుంది. కడప బండదీ ఇదే కథ, రెండూ సున్నపురాళ్ళే, నిమ్మరసమూ యాసిడే. సున్నపురాయి అంటే ఏమిటో ఆ పిల్ల ముసలిదయ్యాక కూడా మర్చిపోదు.

ఇది సరదా కోసం చెప్పే పాఠం కూడా కాదు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు అప్పటి నెల్లూరు జిల్లాలో ఉందని 1937లోనే గుర్తించారు. నల్గొండ బాధ మనందరికీ తెలిసిందే. గ్రానైట్‌లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరిగి బోరు నీళ్ళలోకి దిగుతుంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. ఊరి రాయి తెలిసిన టీచరు ఆ బడిలో ఉంటే ఈ సంగతి ప్రతి ఇంటికీ చేరుతుంది.

అలాంటి టీచర్లు ఎక్కణ్ణుంచి రావాలి? నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కాలేజీలో వరసగా మూడేళ్ళు ఫీల్డ్ ట్రిప్ రద్దు చేశారు. ఒకసారి డబ్బు లేదన్నారు, ఇంకోసారి ఆడపిల్లల బాధ్యత ఎవరు తీసుకుంటారన్నారు. రిపోర్టు మాత్రం కావాలన్నారు. సీనియర్ల రికార్డులు చూసి రాయించి, సంతకాలు పెట్టి, మార్కులు వేశారు. ఆ సంతకాల్లో నాదీ ఉంది. గట్టిగా ఎదురు చెప్పనందుకు ఇప్పటికీ నా మనసు ఒప్పుకోదు. రాతిపొరల వాలు, దిశ (డిప్, స్ట్రైక్) చూడ్డానికి కొన్న కంపాసులు డబ్బాల్లోంచి బయటికి రాలేదు. రాయిని చూసే లెన్సు కంటికి ఎంత దగ్గరగా పెట్టుకోవాలో తెలియకుండా ఆ మూడు బ్యాచ్‌లూ వెళ్ళిపోయాయి.

వాళ్ళలో ఒకమ్మాయి ఇప్పుడు ఒక పల్లెలో ప్రైవేటు బడి టీచరు. ఫస్ట్ క్లాసులో పాసైన పిల్ల. మొన్న రాత్రి నాకు ఒక ఫోటో పంపింది. బడి వెనకాల గుట్ట. "మేడమ్, పిల్లలు అడుగుతున్నారు, ఇది గ్రానైటా, నీసా? నాకు తెలియడం లేదు. తప్పు చెప్పడానికి మనసొప్పడం లేదు" అని రాసింది.

నీస్ అంటే చారలు చారలుగా ఉండే రూపాంతర శిల. ఫోటో చూసి ఏదో నేనూ చెప్పలేను. ఈ ఆదివారం బస్సెక్కి ఆ ఊరు వెళ్తున్నాను. సుత్తి, లెన్సు, యాసిడ్ సీసా సర్దుకున్నాను. పిల్లల్ని కూడా గుట్ట దగ్గరికి రమ్మని ఆ అమ్మాయి చెప్పింది.