స్టాప్‌వాచ్ కాసేపు పక్కన పెట్టండి, పిల్ల ఎక్కడ ఆగుతోందో చూడండి

మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు, అర్థం చేసుకుంటూ చదవాలి. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో ఉన్న మాట ఇది. బడి దాకా వచ్చేసరికి చాలాచోట్ల "అర్థం చేసుకుంటూ" దారిలోనే రాలిపోయి, 60 ఒక్కటే మిగిలింది. ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒళ్లో రిజిస్టరు, ఎదురుగా ఊపిరి బిగబట్టి పరిగెత్తే పిల్ల. దీన్ని చదువు కొలవడం అంటున్నాం.

ముందు ఆ అంకె సంగతే చూద్దాం. అరవై ఏంటి? పదాలు. ఏ భాష పదాలు? "ఐ కుడ్ నాట్ కమ్ బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్" అంటే ఎనిమిది పదాలు. "వాన పడుతుండడంవల్ల రాలేకపోయాను" అంటే మూడు. "వల్ల" విడగొట్టి అచ్చు వేస్తే నాలుగు! అంటే మన పిల్ల వేగం డీటీపీ ఆపరేటరు స్పేస్ బార్ మీద ఆధారపడి ఉంది. పెద్దవాళ్ల చేత 17 భాషల్లో ఒకే స్థాయి పాఠాలు చదివించిన అధ్యయనం 2012లో వచ్చింది. ఇంగ్లీషు సగటు నిమిషానికి 228 పదాలు, ఫిన్నిష్ 161. ఫిన్‌లాండ్ వాళ్లు మందబుద్ధులు కాదు, వాళ్ల మాటలు కూడా మన మాటల్లాగే ప్రత్యయాలు తగిలించుకుని పొడవవుతాయి. ఈ తేడా తెలుసు కాబట్టే 2022లో కేంద్ర విద్యా పరిశోధన సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పిల్లల చదువు మీద అధ్యయనం చేసినప్పుడు ఒక్కో భాషకి వేరే ప్రమాణం పెట్టుకుంది. కొలవాల్సిందే అంటారా, అయితే తెలుగులో సరిగ్గా చదివిన అక్షరాలు లెక్కపెట్టండి. పై వాక్యంలో 15 ఉన్నాయి, స్పేసు ఎక్కడ కొట్టినా అవి మారవు.

వేగం అక్కర్లేదనడం లేదు. నిమిషానికి 15 పదాలు చదివే పిల్లకి ఎనిమిది పదాల వాక్యం దాటడానికి 32 సెకన్లు పడుతుంది. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది కదా. ఎవరు, ఎక్కడ, దేన్ని అనేవన్నీ మోసుకుంటూ అక్కడిదాకా నడవాలి. చేరేలోపు మొదటి మాట జారిపోతుంది. అదే పిల్ల 40కి చేరితే 12 సెకన్లు, వాక్యం మొత్తం తలలో పడుతుంది. ఈ దశలో వేగం పెరిగితే అర్థమూ పెరుగుతుంది. ఇక అక్కడినుంచి 80కో 100కో లాగితే అర్థం కూడా రెట్టింపవుతుందని అనుకోవడమే పొరపాటు.

పైగా నెమ్మదిగా చదివే పిల్లని "త్వరగా, త్వరగా" అంటే ఏమవుతుంది? మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తుంది. "పలక"ని "పలుకు" అంటుంది. ఆ పిల్లకి అడ్డం పడుతున్నది వేగం కాదు, ఒకటో రెండో అక్షరాల గుంపులు. 40, 50 పదాల కొత్త పాఠం ఇచ్చి, మీ దగ్గరున్న ప్రతిలో తప్పు చదివిన చోటా, మూడు సెకన్లకి మించి ఆగిన చోటా గీత పెట్టండి. మూడు సెకన్లు దాటితే మాట మీరే అందించి ముందుకు పంపండి. రెండు పాఠాలు అయ్యేసరికి గీతలే చెప్తాయి. కె-కే, కొ-కో దగ్గర ఒక గుంపు. సంయుక్తాల దగ్గర ఇంకో గుంపు: "అమ్మ" గడగడా వస్తుంది, "పద్మ" దగ్గర బండి ఆగుతుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకి అసలు అక్షరాలతో పోలికే ఉండదు మరి. ర ఒత్తు ఇంకా గడుసుది, ఎడమ నుంచి చుట్టుకుని కంటికి ముందు తగులుతుంది, పలికేది మాత్రం తర్వాత. దొరికిన గుంపు మీద రోజుకి పది నిమిషాలు, పది పన్నెండు మాటలతో పని చేయించండి. తర్వాత అదే పాఠం మీరు ఒకసారి చదివి వినిపించి, పిల్ల చేత మూడు నాలుగు సార్లు చదివించండి. ఇక్కడ ఒక మోసం ఉంది: నాలుగోసారికి చదవడం పోయి అప్పజెప్పడం మొదలవుతుంది. పాఠం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడిగితే తేలిపోతుంది.

ఇంకో అన్యాయం, దీని మీద నాకు నిజంగా కోపం. "వెళ్ళాడు" అని ఉంటే పిల్ల "ఎల్లాడు" అని చదువుతుంది. తప్పు అని సున్నా చుడతారు. ఆ పిల్ల మాట చూసింది, గుర్తుపట్టింది, అర్థం చేసుకుంది, తన ఇంటి పలుకులో చెప్పింది. చదవడం అంటే అదేగా! దాన్ని తప్పుల్లో కలిపితే మీరు కొలుస్తున్నది యాసని.

దీనికి ఎదురు రకం పిల్లాడు రిజిస్టరులో "అత్యుత్తమం"గా ఉంటాడు. నిమిషానికి 90 పదాలు, తొట్రుపాటు లేదు, అర్థం సున్నా. మన ప్రశ్నలు వాణ్ణి పట్టుకోలేవు. "గొబ్బడు లింపులో తరవలు బిగిలాడు." గొబ్బడు ఎక్కడ బిగిలాడు? లింపులో. చూశారా, ఆ మాటల్లో ఒక్కదానికీ అర్థం లేకపోయినా మీకూ ఒక మార్కు వచ్చింది. పాఠంలోంచి మాట పీకి ఇస్తే సరిపోయే ప్రశ్న గ్రహణాన్ని కొలవదు. చదవకుండానే చెప్పగలిగే "సూర్యుడు ఎటు ఉదయిస్తాడు" కూడా అంతే. అయిదు ప్రశ్నలు అడిగితే కనీసం రెండు "ఎందుకు", "తర్వాత ఏం జరిగి ఉంటుంది" రకం ఉండాలి.

అక్షరాన్ని ఉచ్చారణగా మార్చగలగడం, విన్న భాష అర్థం కావడం: చదివి గ్రహించడం ఈ రెండిటి గుణకారం అని గాఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో అన్నారు. కూడిక కాదు, గుణకారం. పూర్తిగా వస్తే 1, అసలు రాకపోతే 0 అనుకోండి: 0.9ని 0.3తో గుణిస్తే 0.27. ఏది తక్కువో తెలుసుకోవడానికి పరికరాలేం అక్కర్లేదు. అదే స్థాయి పాఠం మీరు చదివి వినిపించి, అదే రకం ప్రశ్నలు అడగండి. వింటే అర్థమై, చదివితే కాకపోతే ఇబ్బంది అక్షరాల దగ్గర. విన్నా అర్థం కాకపోతే ఇబ్బంది భాషలో. ఇంట్లో కోయ, గోండి, లంబాడీ మాట్లాడే పిల్లలు తెలుగు చదివినప్పుడు, తెలుగు పిల్లలు ఇంగ్లీషు పాఠం గడగడా ఒప్పజెప్పినప్పుడు తరచూ కనిపించేది ఈ రెండోదే. వాళ్లకి కావలసింది మాటలు, కబుర్లు, కథలు వినడం. స్టాప్‌వాచ్ అందుకు పనికిరాదు.

పెద్దవాళ్ల సంగతి క్లుప్తంగా. గ్రూప్స్‌కి చదివేవాళ్లకి "నిమిషానికి వెయ్యి పదాలు" కోర్సులు అమ్ముతున్నారు. బ్రిస్‌బార్ట్ అనే పరిశోధకుడు 2019లో 190 అధ్యయనాలు కలిపి చూస్తే, ఇంగ్లీషులో మౌనంగా చదివే పెద్దవాళ్ల సగటు కథేతర రచనలకి 238 పదాలు వచ్చింది. కన్ను ఒక్కో చోట సుమారు పావు సెకను ఆగుతుంది, స్పష్టంగా కనిపించేది చూపు నడిమధ్య రెండు డిగ్రీల మేర, అంటే కొన్ని అక్షరాలే. పేజీ మొత్తం ఒక్క చూపులో మింగడం కుదరని పని. లోపల పలుక్కోవద్దు, వెనక్కి చూడొద్దు అనేవి ఇంకా చెడ్డ సలహాలు. వెనక్కి చూసే వీలు లేకుండా చేస్తే గ్రహణం పడిపోతుందని 2014లో చేసిన ప్రయోగంలో తేలింది. త్వరగా చదివి అర్థం చేసుకునేవాళ్లకి ఉన్నది ఆ విషయం మీద ముందే పట్టు. రిజర్వు బ్యాంకు వార్త ఆర్థికశాస్త్రం చదివినవాడికి రెండు నిమిషాల పని, అదే మనిషికి భూమి దస్తావేజు ఇస్తే అరగంట. అలా వేగం మార్చుకోగలవాడే మంచి పాఠకుడు.

డిస్లెక్సియా, అంటే చదవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది, ఉన్నవాళ్ల దగ్గర ఈ పోటీ పూర్తిగా అర్థం లేనిది. అదే ప్రశ్నపత్రం, కొంచెం ఎక్కువ సమయం ఇస్తే చాలామందికి జవాబులు వస్తాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ వైకల్యమూ ఉంది, అర్హులకి పరీక్షలో గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలున్నాయి. ఆ కాగితం పని పరీక్షకి వారం ముందు మొదలుపెడితే అవ్వదు. ధ్రువపత్రానికే నెలలు పట్టొచ్చు, జూన్‌లోనే అడగండి.