బట్టీ పడితే వచ్చే విద్య కాదిది

గోదావరి డెల్టాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. రెండు బస్తాలు కలిపితే 150 కిలోలని చెప్పడానికి ఎవరికీ కాగితం, కలం అక్కర్లేదు. అదే లెక్కను కొత్తగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న విద్యార్థి నాలుగు వరుసల ప్రోగ్రాముగా రాసి, అడిగినచోట 75, మళ్లీ 75 అని కొడితే తెరపై 7575 అని రావచ్చు. ఇందులో కంప్యూటరు తప్పేమీ లేదు. కీబోర్డుపై కొట్టినదాన్ని పైథాన్ 3 సంఖ్యగా కాక అక్షరాల వరుసగానే తీసుకుంటుంది. సంఖ్యగా మార్చమని మనం చెప్పకపోతే, కూడిక గుర్తు కనబడగానే ఆ రెండింటినీ పక్కపక్కన అతికించి ఊరుకుంటుంది. ఇలా ఎందుకొచ్చిందని పావుగంట తల పట్టుకుని తనే తేల్చుకున్న విద్యార్థికి డేటా రకాల పాఠం మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ పావుగంటే మన కళాశాలల్లో చాలామంది పిల్లలకు దక్కడం లేదన్నది మా ఆవేదన. కాకినాడ నుంచి భీమవరం దాకా ఇంజనీరింగ్ కళాశాలలకు కొదవ లేదు. కానీ ఫిబొనాచ్చి వరుస, ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య, ప్యాలిండ్రోమ్ అంటూ ఏళ్ల తరబడి అవే ప్రోగ్రాములు. పక్కవాడి రికార్డు చూసి ఎక్కించడం, ల్యాబ్ పరీక్ష ముందురోజు రాత్రి వల్లె వేయడం. సీ భాషలో రాసేటప్పుడు ఒక్క సెమీకోలన్ జారి ఎర్రర్ వస్తే, అది ఏ వరుసలో ఉందో తెరమీదే రాసి ఉన్నా చదవకుండా సార్ కోసం చూస్తారు.

నిజానికి ప్రోగ్రామింగ్‌కు పునాది అయిన విషయాలు కొద్ది, అవి మన పిల్లలకు కొత్త కూడా కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి ఈ నేల కాలువల మీద బతుకుతోంది. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీరు చాలనప్పుడు వంతులు పెడతారు. ఈ కాలువకు ఇన్ని రోజులు వదలాలి, గడువు తీరగానే కట్టేసి పక్కదానికి ఇవ్వాలి, చివరి కాలువ వంతు అయ్యాక మళ్లీ మొదటిదానికి రావాలి, చేను కోతకు వచ్చేదాకా ఇలాగే సాగాలి. ప్రోగ్రాములో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ అంటే ఇదే. ఎక్కడ ఆపాలో చెప్పకుండా రాసిన లూప్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

షరతుల సంగతి ఇంకా సున్నితమైనది. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం మించకూడదన్నది నిబంధన. దాన్ని ప్రోగ్రాముగా రాయమంటే, తేమ 17 కన్నా తక్కువైతే తీసుకో, లేకుంటే తిప్పి పంపు అని కొత్తవారు సులువుగా రాసేస్తారు. 16 ఇచ్చి చూస్తే సరిగ్గానే పలుకుతుంది, 18 ఇచ్చినా సరిగ్గానే పలుకుతుంది. సరిగ్గా 17 ఇస్తేనే బండారం బయటపడుతుంది: నిబంధన ఒప్పుకున్న ధాన్యాన్ని ప్రోగ్రాము కాదంటుంది. ‘సమానం’ గుర్తు ఒక్కటి విడిచినందుకు ఓ రైతు ట్రాక్టరు లోడుతో వెనుదిరగాల్సి వస్తుంది. అంచున ఉన్న విలువను వేసి చూడాలన్న అలవాటు మొదటి నెలలోనే పడాలి.

సీ ముందా, పైథాన్ ముందా అన్న వాదన మీద కాలం వృథా చేయనక్కర్లేదు. ఏదో ఒకదాన్ని పట్టుకుని ఏడాది పాటు వదలకపోతే చాలు. అడిగిందే తడవుగా కోడ్ రాసిచ్చే కృత్రిమ మేధ సాధనాలను మాత్రం తొలి నెలల్లో పక్కన పెట్టడమే మేలని మా అభిప్రాయం. తను రాయగలిగినవారికి అవి చేదోడు. ఇంకా రాయడం రానివారికి అవీ పక్కవాడి రికార్డులాంటివే.

అధ్యాపకులు తర్కాన్ని ముందు తెలుగులో చెప్పి, విద్యార్థి చేత కాగితం మీద ఒక్కో అడుగూ లెక్క కట్టించి, ఆ తరువాతే కంప్యూటరు ముందు కూర్చోబెట్టాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ లేని లంక గ్రామాల పిల్లల కోసం ల్యాబ్‌లను సాయంత్రం మరో రెండు గంటలు తెరిచి ఉంచి, వారు బస్సు అందుకునే వేళను కూడా చూసుకోవాలి. పరీక్ష తీరు మారనిదే ఇవేవీ నిలవవు. తెలిసిన ప్రోగ్రామును మళ్లీ రాయమనడం మాని, 17 దగ్గర తప్పు పలికే ప్రోగ్రామును చేతికిచ్చి, అది ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో రాయమని వచ్చే ల్యాబ్ పరీక్షలో ఒక్క ప్రశ్నయినా అడగాలి.